అత్తయ్య కేసుల ఫైలు

జూన్ 9, సోమవారం

పొద్దున్నే అత్తయ్య పిలుపు. "స్వరూపా, ఒకసారి ఇటు రామ్మా. ఇది తెరుచుకోవడం లేదు."

చేతులు చపాతీ పిండిలో ఉన్నాయి. కడుక్కోకుండానే వెళ్ళాను. ఎందుకు తెరుచుకోవడం లేదో నాకు తెలుసు కాబట్టి.

ముందు గదే ఆవిడ క్లినిక్. పాత డెస్క్‌టాప్ ముందు కూర్చుని ఉంది, కళ్ళజోడు ముక్కు చివరికి జారి. తెర మీద ఒకటే మాట — ఈ ఫైలును గుర్తించలేకపోతున్నాను. ఇరవై ఏళ్ళుగా ఎల్బీ నగర్‌లో ఈ గదికి వచ్చిన ప్రతి మనిషీ ఆ ఫైల్లో ఉన్నాడు. పేరు, ఊరు, ఏం బాధ చెప్పుకున్నాడు, ఏ మందు ఇచ్చింది, అది పనిచేసిందా లేదా. హోమియో డాక్టరుకి ఆ రాతే సగం వైద్యం అంటుంది.

"శనివారం నేనే సరిగ్గా మూయలేదేమోనమ్మా. ఏదో నొక్కేసి ఉంటాను" అంది.

అప్పుడే చెప్పాల్సింది. నోరు కూడా తెరిచాను.

"అయ్యుండొచ్చు అత్తయ్యా" అన్నాను.

అయ్యుండొచ్చు! ఎంత సాఫీగా వచ్చింది ఆ మాట... పిండి చేతులతో నిలబడి, పెద్దమనిషిలా.

జరిగింది ఇక్కడైనా రాసుకోవాలి. నిన్న మిరుగు — మృగశిర కార్తె మొదటి రోజు, మా వాళ్ళు చేపలు తినాల్సిందే. అమ్మ బడంగ్‌పేట్‌లో చేపల పులుసు పెట్టి రమ్మంది. అత్తయ్య చేపలు తినదు, వనస్థలిపురంలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేరు కదా, ఆ ఫైలును కొత్త ల్యాప్‌టాప్‌లోకి మార్చేసి ఆవిడని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఫైలు బరువెక్కి నెమ్మదిగా తెరుచుకుంటోందని ఎప్పటి నుంచో అంటోంది పాపం. ముందు కాస్త రిపేర్ చేద్దామని ఆ బటన్ నొక్కాను. అసలు ఫైలు మీదే. కాపీ తీయకుండా.

రిపేర్ ఎంత దాకా అయిందో చూపించే గీత సగం దాకా పాకి ఆగిపోయింది. బయట బండి మీద మా ఆయన శ్రీధర్ హారన్ మీద హారన్. అమ్మ ఫోన్ — "పులుసు సల్లారుతాంది బిడ్డా, ఏడున్నరు?" కాసేపు చూశాను. గీత కదల్లేదు. గోడ దగ్గర స్విచ్ కట్టేసి వెళ్ళిపోయాను.

పులుసు బాగుంది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

జూన్ 10, మంగళవారం

దిల్‌సుఖ్‌నగర్‌లో, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నా క్లాసు. డేటాబేస్ పాఠం. ప్రతి బ్యాచ్‌కీ నాదొక తంతు ఉంటుంది — "రిపేర్ చేసే ముందు ఏం చేయాలి?" అని అడుగుతాను, క్లాసంతా "కాపీ!" అని అరుస్తారు. పక్క గదిలో బ్యాంకు పరీక్షల సారు వచ్చి గొడవ పెట్టుకున్న రోజులున్నాయి.

ఇవాళ అడగలేదు. మెల్లగా తర్వాతి పాఠంలోకి జారుకున్నాను.

వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి — "మేడం, గా కాపీ సంగతి అడగలే మీరు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి బోర్డు వైపు తిరిగి "కాపీ" అని రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. మళ్ళీ ఇటు తిరగడానికి కాస్త టైం పట్టింది.

బ్యాకప్ మాట. శ్రీధర్ డిగ్రీలో ఉన్నప్పుడు వాళ్ళమ్మకి చేసిపెట్టిన ప్రోగ్రాం అది. అప్పుడో సీడీ చేశాడట, ఇప్పుడది గీతలు పడి ఏ మెషీన్‌లోనూ చదవడం లేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక బ్యాకప్ పని నాది. "చేస్తానత్తయ్యా, చేస్తా." ఎన్ని పండగలకి అన్నానో.

జూన్ 11, బుధవారం

చెప్పలేదు. రేపు చెబుతా.

జూన్ 12, గురువారం

పాడైన ఫైలుని ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. ఈసారి ముందు కాపీ. ఆ కాపీకి ఇంకో కాపీ. భోజనం మానేసి కూర్చున్నాను.

కొత్త ఖాళీ ఫైలు తెరిచి పాత దాంట్లోంచి ఒక్కొక్క పట్టిక లాగుతున్నాను. పేర్లు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు — వచ్చేశాయి. అంత సులువుగా వస్తాయనుకోలేదు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అసలైనది రెండో పట్టిక. రోగి ఎప్పుడు వచ్చాడు, ఏం చెప్పాడు, ఏ మందు. అది కొంత దూరం వచ్చి ఠక్కున ఆగుతోంది. ఎక్కడో ఒకచోట విరిగింది. పై నుంచి ఎన్నిసార్లు చదివించినా అక్కడికొచ్చేసరికి ప్రోగ్రామే మూసుకుపోతోంది.

అయితే కింది నుంచి చదివితే? రేపు చూడాలి.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య మానిటర్ అంచుకి ఒక చీటీ అంటించుకుని ఉంది. గుండ్రటి చేతిరాత. "ముందు ఫైలు మూయాలి. తర్వాత కంప్యూటర్ ఆపాలి. ఆ తర్వాతే స్విచ్."

ఇరవై ఏళ్ళుగా ఒక్కరోజు తప్పకుండా చేసిన పని. అది ఇప్పుడు తనకి తనే రాసుకుంది. చీటీ నాకే అంటించినట్టుంది.

జూన్ 14, శనివారం

కింది నుంచి చదివితే వచ్చింది! పై నుంచి ఒక ముక్క, కింది నుంచి ఒక ముక్క, మధ్యలో విరిగిన చోట కొద్ది వరుసలు మాత్రం పోయాయి. ల్యాబ్‌లో ఎవరూ లేరు. ఉంటే కౌగిలించుకునేదాన్ని.

తర్వాత సరిగ్గా చూశాను. తేదీ ఉంది. మందు పేరు ఇంగ్లీషులో ఉంది. రోగి చెప్పిన మాటల గడి మాత్రం — చెత్త. డాలర్ గుర్తులు, ప్రశ్నార్థకాలు, నెత్తిన కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో అంకెలు. ఒక వరుస కాదు, అన్నీ అంతే. పెద్ద రాతలు దాచుకునే గడులు ముందు పాడవుతాయని నేనే పాఠం చెబుతాను. అదే అయింది.

ఆ గడి మొత్తం తీసేసి, మిగతాది శుభ్రంగా చేసి ల్యాప్‌టాప్‌లో అత్తయ్య ముందు పెట్టాను.

"పేర్లూ మందులూ వచ్చాయత్తయ్యా. వాళ్ళు చెప్పినవి... అవి రాలేదు."

ఆవిడ తెర కిందికీ పైకీ జరుపుతూ కూర్చుంది. "మందు ఏదిచ్చానో ఉంది. ఎందుకిచ్చానో లేదన్నమాట" అంది. తర్వాత నా చేతి మీద తట్టింది. "నువ్వేం చేస్తావులేమ్మా. పాడు చేసింది నేనైతే నువ్వు తిండి మానేసి బాగుచేస్తున్నావు."



జూన్ 15, ఆదివారం

శ్రీధర్ బట్టలు ఆరేస్తూ, గొంతు తగ్గించి — "అమ్మని ఒకసారి చూపిద్దాం అనుకుంటున్నా. మెమరీకి సంబంధించిన డాక్టర్ దగ్గర."

"ఎందుకు?"

"పోయిన నెల ఫోన్ ఫ్రిజ్‌లో పెట్టింది. మొన్న తాళం మర్చిపోయింది. ఇప్పుడిది."

"ఫోన్ ఎవరమైనా పెడతాం" అన్నాను.

"అదొక్కటే అయితే నేనూ పట్టించుకోను స్వరూపా. కంప్యూటర్ విషయంలో అమ్మ ఎంత పద్ధతో నీకు తెల్సు కదా. అలాంటి మనిషి మర్చిపోయిందంటే..."

అలాంటి మనిషి మర్చిపోలేదు శ్రీధర్. హారన్ కొట్టింది నువ్వు, స్విచ్ కట్టింది నేను. ఈ వాక్యం ఇక్కడ ఎంత తేలిగ్గా రాశానో. దండెం దగ్గర మాత్రం చేతిలో ఉన్న లుంగీ పిండుతూనే ఉన్నాను. అది అప్పటికే పిండిన లుంగీ.

ఇరవై ఏడు, శుక్రవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.

జూన్ 17, మంగళవారం

క్లాసు మధ్యాహ్నానికి మారింది, పొద్దున ఇంట్లోనే ఉన్నాను. క్లినిక్‌కీ హాలుకీ మధ్య తెర ఒక్కటే అడ్డం. బాలమణి వచ్చింది, మా సందు చివర కూరగాయలు అమ్మే ఆవిడ. ఎప్పటి నుంచో అత్తయ్య మందే వాడుతుంది.

"పోయినసారి అంత చెప్పిన గదా డాక్టరమ్మా, గదంత రాసుకుంటివి. మల్ల మొదటికెల్లి చెప్పాల్నా?"

"చెప్పు తల్లీ. రాసుకున్నది పోయింది. నా పొరపాటే."

"అయ్యో. పోనీతియ్ అమ్మా. నేనేడికి పోత, ఈడనే ఉన్న గద."

బాలమణి మళ్ళీ మొదలుపెట్టింది. పిల్లవాడి సంగతి, మొగుడి సంగతి, నిద్ర రాకపోవడం. అత్తయ్య పెన్నుతో రాసుకుంటోంది, ఆ గీరే చప్పుడు ఇటు దాకా వినబడుతోంది. తర్వాత వచ్చినాయనతోనూ అదే మాట — నా పొరపాటే. ఆ తర్వాత కాలేజీ పిల్లతోనూ.

ఆవిడ వచ్చిన ప్రతి మనిషికీ నా పాపాన్ని తన పేరు మీద పంచిపెడుతోంది. నేను తెర ఇవతల చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. లేచి వెళ్ళి ఆ తెర పక్కకి లాగి ఒక్క మాట అంటే చాలు. లేచాను. వంటింట్లోకి వెళ్ళాను.

జూన్ 18, బుధవారం

అత్తయ్య పేపరు చదువుతూ మధ్యలో ఆగి, "ఇవాళ బుధవారమేగా?" అని అడిగింది. ఇదివరకు ఎప్పుడూ అడగలేదు. ఔననగానే ఎంత హాయిగా ఊపిరి పీల్చుకుందో.

జూన్ 20, శుక్రవారం

మెట్రోలో నిలబడి మాటలు కూర్చుకున్నాను. "అత్తయ్యా, మీరేం చెడగొట్టలేదు." బాగుంది. చైతన్యపురి వచ్చేసరికి ఇంకోలా మార్చాను. "అత్తయ్యా, ఆదివారం నేను ఒక పని చేశాను." ఇదీ బాగుంది. ఎల్బీ నగర్‌లో దిగి మెట్లు దిగుతుంటే మొత్తం పోయింది.

ఇంట్లో — "ఏమ్మా అలా ఉన్నావు?"

"ఏం లేదత్తయ్యా. మెట్రోలో రద్దీ."

జూన్ 21, శనివారం

రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. రాయాలి.

క్లినిక్ తుడుస్తున్నాను, శనివారం పని. పాత కీబోర్డు తిరగేసి దులిపి మళ్ళీ పెట్టాను. ప్రతి మీట మీదా చిన్న కాగితపు ముక్క, దాని మీద తెలుగు అక్షరం, పైన టేపు. కొన్ని అరిగి మసకబారాయి. ఇరవై ఏళ్ళ నాటివి. దసరాకీ ఉగాదికీ ఆ ముక్కలు ఊడకుండా తడిగుడ్డతో జాగ్రత్తగా తుడిచింది నేనే.

గుడ్డ చేతిలో ఉండగానే తట్టింది.

ఆవిడ తెలుగులో టైపు చేసేది.

ఇప్పటి తెలుగు కాదు. ఆ రోజుల్లో పెళ్ళికార్డులు కొట్టించే షాపుల్లో ఉండేది చూడు, ఆ రకం. కొట్టేది ఇంగ్లీషు మీట, లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరమే, పైన ఆ ఫాంటు తొడిగితేనే తెలుగుగా కనబడుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఏమవుతుంది? డాలర్ గుర్తులు. ప్రశ్నార్థకాలు. కొమ్ములున్న అక్షరాలు.

చెత్త కాదు అది. ఒక్క అక్షరం పాడవలేదు. నేను చెత్తని చెప్పి తీసిపారేసింది అత్తయ్య రాతంతా.

పెన్‌డ్రైవ్‌లో, ఆ గడి తీసేయక ముందు తీసిన కాపీ ఉంది. మిరుగు దెబ్బకి ఈమధ్య కరెంటు బిల్లుకి కూడా కాపీ తీస్తున్నాను, అదే కాపాడింది. డెస్క్‌టాప్ ఆన్ చేసి వెతికితే ఆ ఫాంటు అక్కడే ఉంది. ల్యాప్‌టాప్‌లో వేసి, ఆ గడికి తగిలించాను. తెర ఒక్కసారి రెపరెపలాడి... అన్నీ తెలుగు.

కింద కూర్చుండిపోయాను. చీపురు పక్కన.

ఈ ఇంట్లో ఇన్నేళ్ళున్నాను. డేటాబేస్ మేడంని. ఆవిడ అందులో ఏం రాస్తుందో, ఏ భాషలో రాస్తుందో ఒక్కసారి తొంగి చూడలేదు. చూసి ఉంటే ఆ గడిని చెత్త అని అనేదాన్నే కాదు.

జూన్ 22, ఆదివారం

చదువుతున్నాను. సరిచూడాలి కదా అని మొదలుపెట్టాను. ఇప్పుడు ఆపలేకపోతున్నాను.

అత్తయ్యది తెనాలి వైపు. ఇప్పటికీ "ఏవిటీ", "ఎందుకనీ" అంటుంది. కానీ రోగి చెప్పింది మాత్రం రోగి మాటల్లోనే రాసింది. దిద్దలేదు. "కాళ్ళు గుంజుతున్నయ్." "పొద్దుగూకితే జరమొస్తది." "ఎవ్వల్తోని మాట్లాడబుద్ధైతలేదు." "నెత్తిల ఏదో తిరిగినట్టయితది." గుంటూరు ఆయనది గుంటూరులా, ఇబ్రహీంపట్నం ఆవిడది ఇబ్రహీంపట్నంలా. మనిషి ఏ మాట వాడాడో దాన్నిబట్టే మందు అని ఆవిడ పద్ధతి. చక్కెర గోళీల మీద నేనూ శ్రీధరూ ఎన్ని జోకులేశామో. ఇప్పుడు అవి గుర్తుకొచ్చినా నవ్వు రావడం లేదు.

ఇక నేను? పెళ్ళయిన కొత్తలో "గట్లనే" అంటే వాళ్ళ చుట్టాలావిడ ఎవరో నవ్వింది. అప్పటి నుంచి ఈ ఇంట్లో "అలాగే అత్తయ్యా". అమ్మతో ఫోన్లో మాట్లాడాల్సి వస్తే మేడ మీదికి వెళ్ళి మాట్లాడతాను. ఈ డైరీ కూడా చూడు, బళ్ళో నేర్పిన తెలుగులోనే రాస్తున్నాను. నేను దాచుకున్న భాషని ఆవిడ ఒక్కో మీటా వెతుక్కుంటూ రాసుకుంది.

బాలమణి కేసు. పాతది, ఆవిడ మొదటిసారి వచ్చినప్పటిది.

"రాత్రయితే బుగులైతది డాక్టరమ్మా."

కింద అత్తయ్య సొంత మాట — "బుగులు. భయమా? కోడల్ని అడగాలి."

తర్వాతి వరుస — "అడిగాను. భయమే అంది. కాదేమో. బాలమణి భయం అని వేరే చెబుతోంది, బుగులు అని వేరే చెబుతోంది."

అడిగిన సంగతి నాకు గుర్తే లేదు. ఏ హడావిడిలో ఉన్నానో. ఫోన్ చూస్తూ "భయమే అత్తయ్యా" అని ఉంటాను. ఆవిడ నా మాట నమ్మలేదు, బాలమణి మాటే నమ్మింది. మంచిపని చేసింది.

మేడ మీదికి వెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, బుగులంటే ఏందే?"

"గదేం సవాలే? బుగులంటే బుగులే."

"భయమేనా?"

"కాదు. కుక్క మీదికొస్తే భయమైతది. బుగులంటే... ఎవలన్న ఒస్తరేమో, ఏమన్న అంటరేమో అని లోపట లోపట కొట్టుకుంటది సూడు, గది. తిన్నది పెయికి పట్టది. ఎందుకే, నీకైతాందా ఏంది?"

"లేదమ్మా. ఊకనే అడిగిన."

"అత్తమ్మకన్న చెప్పు. గోళీలిస్తది."

జూన్ 23, సోమవారం

అత్తయ్యకి చూపించాను. తెరిచి ల్యాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాను. చూసింది. కళ్ళజోడు తీసి పైటతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. బాలమణి పేరు వెతికింది, ఉంది. ఎవరో సుబ్బారావు గారి పేరు, ఉంది. చదువుతూ చిన్నపిల్లలా నవ్వింది. విరిగిన చోట పోయిన కొద్ది వరుసలూ కూడా పరవాలేదంది, వాళ్ళు ఎలాగూ వస్తారు, అడుగుతానంది.

శ్రీధర్ వచ్చి "ఏం బుర్రే నీది!" అన్నాడు. కీబోర్డు మీద ఆ కాగితపు ముక్కలు అంటించింది తనేనట, అదీ మర్చిపోయాడు. అతన్ని మాత్రం ఎవరూ మెమరీ డాక్టరు దగ్గరికి పంపడం లేదు. రాత్రి భోజనానికి బయట నుంచి బిర్యానీ తెప్పించాడు, నా గౌరవార్థం. వాళ్ళ పిన్నికి ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ నాతో మాట్లాడతానంది. "మీ అత్తని కాపాడావమ్మా."

ఇంతకంటే తిడితే బాగుండేది.

ఇప్పుడిక చెప్పక్కర్లేదేమో అని కూడా అనిపించింది. అంతా తిరిగొచ్చింది కదా, ఎవరికి నష్టం? ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది. ఎందుకంటే అత్తయ్య అప్పుడే అంది —

"శుక్రవారం ఆ డాక్టరు ఏం చెప్పినా చెప్పకపోయినా, ఈ నెలాఖరుకి క్లినిక్ ఆపేద్దామనుకుంటున్నానురా. ఈసారంటే స్వరూప ఉంది. రేపు కంప్యూటర్ బదులు మందే తప్పు ఇచ్చాననుకో? ఇక నా మీద నాకు నమ్మకం లేదు."

శ్రీధర్ తల వంచుకున్నాడు. నేను అందరి ప్లేట్లూ తీసేశాను. ఇంకా తినని వాళ్ళవి కూడా.

జూన్ 24, మంగళవారం

ఫైలు బాగుచేశాను. ఆవిడని పాడు చేశాను. రెండోదానికి నా దగ్గర కాపీ లేదు.

జూన్ 25, బుధవారం

ముందు శ్రీధర్‌కి చెబుదామనుకున్నాను. బండి మీద వెనక కూర్చుని, కొత్తపేట దాటాక — "శుక్రవారం టెస్టు వద్దేమో" అన్నాను.

"ఎందుకు?"

"అత్తయ్య బాగానే ఉంది కదా."

"నీకు పాపం ఆవిడంటే ఇష్టం, ఒప్పుకోబుద్ధి కాదు. నాక్కూడా అంతే." హెల్మెట్ లోంచి గొంతు బొంగురుగా వచ్చింది. ఏడుస్తున్నాడేమో.

ముందు అతనికి చెప్పడం కూడా దొంగదారే. చెప్పాల్సింది ఆవిడకి. అతని చేత చెప్పించి నేను వంటింట్లో నిలబడదామని నా ఎత్తు.

అత్తయ్య బాలమణికి చెప్పేసిందట, వచ్చే నెల నుంచి వేరే డాక్టర్ని చూసుకోమని. బాలమణి కూరగాయల బండి దగ్గర నన్ను పట్టుకుంది. "మీ అత్తమ్మకు ఏమైందమ్మా? మంచిగనే ఉండె గద. నా బాధ ఆమెకెర్క. ఇంకోల్లకు నేనేం చెప్పాలె, ఎట్ల చెప్పాలె?"

వంకాయలు తీసుకుని వచ్చేశాను. చిల్లర తీసుకోలేదని సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళడానికి మొహం లేదు.

జూన్ 26, గురువారం

రేపే ఆ టెస్టు.

క్లాసుకి సెలవు పెట్టాను. క్లినిక్‌లో ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్ళాను. ఎప్పుడూ తలుపు దగ్గర నిలబడి మాట్లాడతాను. ఇవాళ రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాను. అది ఇంత ఎత్తు తక్కువ ఉంటుందని తెలియదు. అక్కడి నుంచి చూస్తే అత్తయ్య మొహం పైన, కిటికీ వెలుగులో.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

మెట్రోలో కూర్చుకున్న మాటలు ఒక్కటీ లేవు. నోట్లోంచి వచ్చింది వేరే.

"బుగులైతాంది అత్తమ్మా."

అత్తమ్మా అన్నాను. ఈ ఇంట్లో ఇన్నేళ్ళకి మొదటిసారి. మా ఊరి మాట.

ఆవిడ నవ్వలేదు. "భయం కాదుగా?" అని మెల్లగా అడిగింది.

"కాదు. మీరు రాసుకున్నదే నిజం. అప్పుడు నేను తప్పు చెప్పిన."

"నాకు తెలుసులే." ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని కొత్త కేసు తెరిచింది. పాత కీబోర్డే తగిలించుకుంది దానికి, ఆ కాగితపు ముక్కలది. నా పేరు కొట్టింది. ఒక్కో మీటా వెతుక్కుంటూ, ఎవరికైనా అంతే ఓపిక. బుగులు అని కొట్టింది. పక్కన ఏ వివరణా రాయలేదు.

తర్వాత అందరినీ అడిగే ప్రశ్నే. "ఎప్పటి నుంచి?"

స్టూలు అంచులు రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఆదివారం నుంచి" అన్నాను. "మిరుగు నాటి ఆదివారం. మీరు వనస్థలిపురం పోయిన్రు చూడుండ్రి. ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న."

టైపు చేస్తోంది. ఆ... ది... వా... సగంలో వేళ్ళు ఆగిపోయాయి. మానిటర్ అంచున తను అంటించుకున్న చీటీ వైపు చూసింది. ఆ తర్వాత గోడ దగ్గర స్విచ్ వైపు. ఆ తర్వాత నా వైపు.

వేళ్ళు కీబోర్డు మీది నుంచి తీయలేదు.

"చెప్పు" అంది.